డైలేటర్ల కిట్ ఆన్‌లైన్‌లో కొనేముందు ఇది చదవండి

యోని కండరాలు వాటంతటవే బిగుసుకుపోయే వెజినిస్మస్ అనే సమస్యకి డైలేటర్లు (యోనిలో పెట్టుకునే, చిన్న సైజు నుంచి పెద్ద సైజు దాకా వరసగా ఉండే నున్నటి కడ్డీల్లాంటివి) వాడమని డాక్టర్ చెబితే, ఎవరినీ అడగలేక ఫోన్‌లో వెతుక్కుంటున్న ఆడవాళ్ల కోసం రాస్తున్నాను.

నేను ఆర్డర్ పెట్టిన కిట్ ప్రకటనలో ‘మెడికల్ సిలికాన్’ అని ఉంది. వచ్చినవి గట్టి ప్లాస్టిక్‌వి. అచ్చులో రెండు సగాలు కలిసిన చోట పొడవునా అతుకు గీత, వేలితో నిమిరితే గీరుకునేంత పదునుగా ఉంది. మొదటిది చిటికెన వేలంత, రెండోది ఏకంగా బొటనవేలి కంటే లావు. పెట్టె మీద తయారీదారు పేరూ లేదు, అడ్రసూ లేదు. వాపసు తీసుకోమంటే ‘ఇలాంటి వస్తువులు ఓపెన్ చేశాక రిటర్న్ కుదరదు’ అన్నారు. తెరవకుండా అతుకు ఎలా కనబడుతుంది?

అంతకంటే నాకు ఒళ్లు మండింది కిట్‌తో పంపిన తిమ్మిరి జెల్ చూసి. వెజినిస్మస్‌లో యోని చుట్టూ ఉండే కండరాలు మన ప్రమేయం లేకుండానే బిగుసుకుపోతాయి. కలయిక అప్పుడే కాదు, డాక్టర్ పరీక్ష చేయబోయినా తొడలు దగ్గరికి వచ్చేస్తాయి, ఊపిరి బిగబడుతుంది. ఇది మొండితనం కాదు, భర్త మీద ఇష్టం లేకపోవడం అంతకన్నా కాదు. డైలేటర్ ఉన్నది యోనిని సాగదీయడానికి కాదు. భయపడాల్సిందేమీ లేదని ఆ కండరాలకు మెల్లమెల్లగా అలవాటు చేయడానికి. స్పర్శే తెలియకుండా మొద్దుబారిపోతే ఆ అలవాటు ఎలా అవుతుంది? పైగా లోపల గీసుకుపోయినా తెలియదు. కొందరికి డాక్టర్లే లిడోకెయిన్ అనే తిమ్మిరి మందు రాస్తారు, అది వేరే సంగతి. ఈ ట్యూబు మీద మందు పేరే లేదు.

ముందు గైనకాలజిస్ట్‌కి చూపించుకోండి. ఇన్ఫెక్షన్, పొడిబారడం, కాన్పు కుట్లు, వీటివల్ల కూడా నొప్పి రావచ్చు. వీలైతే పెల్విక్ ఫ్లోర్ (కటి అడుగు కండరాల) ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుని మొదలుపెట్టండి. అవసరమైతే కౌన్సెలింగ్ కూడా చికిత్సలో భాగమే. కన్నెపొర కోస్తే సరిపోతుందని ఎవరైనా ఆపరేషన్‌కి తొందరపెడితే ఇంకో డాక్టర్‌ని అడగండి, బిగుసుకునేది కండరం కదా. వారంలో గ్యారంటీ అనే ప్రకటనలను అసలు నమ్మకండి.

కిట్ కొంటే నున్నగా, అతుకు లేకుండా, సైజు సైజుకీ కొద్ది తేడాతో ఉన్నది చూడండి. నీటితో చేసిన లూబ్రికెంట్ వాడండి. సిలికాన్ డైలేటర్‌కి సిలికాన్ లూబ్రికెంట్ రాస్తే పైపొర పాడవ్వొచ్చు.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఇంకా తేలలేదు. మీరు మాత్రం పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, ప్రకటన స్క్రీన్‌షాట్ ముందే దాచుకోండి.