హోల్‌స్టీనా, జెర్సీయా?

మందలోకి కొత్త ఆవుల్ని తెద్దామనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది, పాలు లీటర్ల లెక్కన అమ్ముతున్నామా, వెన్న శాతాన్ని బట్టి అమ్ముతున్నామా అని. లీటర్లే ముఖ్యమైతే హోల్‌స్టీన్ జాతి ఆవుకి పోటీ లేదు, కానీ 600 కిలోలు దాటే ఆ ఒంటికి మేత కూడా అలాగే పడుతుంది, పైగా ఎండ ముదిరితే రొప్పుతూ పాలు తగ్గించేస్తుంది. జెర్సీ 400-450 కిలోలే, పాలు తక్కువైనా వెన్న దాదాపు 5 శాతం, ఈనేటప్పుడు కష్టాలు తక్కువ, వేడికీ కాస్త ఓర్చుకుంటుంది. ఈనగానే పాల జ్వరం (రక్తంలో కాల్షియం పడిపోయి ఆవు కూలబడే జబ్బు) టెన్షన్ మాత్రం జెర్సీకే ఎక్కువ, అందుకే చూడి చివరి వారాల్లో మేపు విషయంలో ఏమరుపాటు పనికిరాదు. మగదూడల్ని మాంసానికి అమ్మేవాళ్లకైతే జెర్సీ దండగ. మేత కొని పెంచేవాళ్లకి నేనైతే జెర్సీయే చెప్తా. కాకపోతే మందంతా హోల్‌స్టీన్లే ఉంటే తొట్టి దగ్గర చిన్నదైన జెర్సీని కుమ్మి తిననివ్వవు, విడిగా కట్టాలి.