రుస్తుమా, సోహ్రాబా: బిడ్డకు ఏ పేరు మేలు?

పార్సీల ఇళ్లలో తరతరాలుగా వినిపించే వీరుల పేర్లు రుస్తుం, సోహ్రాబ్. రెండూ ఫిరదౌసి రాసిన పారసీ వీరగాథ షానామాలో తండ్రీకొడుకులవే: రుస్తుం తండ్రి, సోహ్రాబ్ కొడుకు. జాషువా 1932లో రాసిన ‘ఫిరదౌసి’ చదివిన మనకు ఆ కవి పడ్డ బాధ బాగా తెలుసు. ఆయన వీరుల పేర్లలో ఏముందో అంతగా తెలియదు. ఒక్కటే ఎంచుకోమంటే నేను సోహ్రాబ్ అంటాను.

ముందు రుస్తుం. పారసీకి ముందరి రూపమైన పహ్లవీలో ఈ పేరు రోద్‌స్తహ్మ్. చివరి ‘తహ్మ్’ అంటే బలశాలి, శూరుడు. ఆయన భార్య తహ్మీనా పేరులోనూ అదే మాట. మొదటి భాగం దగ్గర పండితులు చీలిపోతారు: నది అని కొందరు, ఒడ్డూపొడుగూ అని కొందరు. షానామా మాత్రం వేరే కథ చెబుతుంది. బిడ్డ మరీ పెద్దవాడు, కాన్పు కష్టమైంది. సీమొర్గ్ పక్షి చెప్పినట్టు తల్లి రూదాబా కడుపు కోసి తీశారు. తెలివొచ్చాక ఆమె ‘గట్టెక్కాను’ అంటుంది. పారసీలో ఆ మాట ‘రస్తం’. అందుకే రుస్తుం అట. కథగా ఎంతో బాగుంది, వ్యుత్పత్తిగా నిలవదు.

పలకడానికి తేలిక, వినగానే బలం. కానీ మన దేశంలో ఇది పేరు దాటి బిరుదైపోయింది. ‘రుస్తుమే హింద్’ అంటే కుస్తీలో మేటి పహిల్వాన్. ఆ బరువు పసివాడి మీద పెట్టడం నాకు నచ్చదు.

సోహ్రాబ్‌లో ‘సోహ్ర్’ అంటే ఎరుపు, ‘ఆబ్’ అంటే నీరు, నిగారింపు కూడా. ఎర్రని కాంతి గలవాడన్నమాట. వేదంలోని శుక్ర, ఆపః వీటికి తోబుట్టువులే. నవ్వుతూ కళకళలాడే పసిముఖం చూసి తహ్మీనాయే ఈ పేరు పెట్టిందంటాడు ఫిరదౌసి. తండ్రి అప్పటికే ఆమె ఊరు సమంగాన్ వదిలి వెళ్లిపోయాడు.

పేరు విషయంలో వీళ్లిద్దరికీ ఉన్న తేడా యుద్ధంలో బయటపడుతుంది. రుస్తుం తన పేరు దాచే మనిషి. శత్రువీరుడు అష్కబూస్ అడిగితే, మా అమ్మ నాకు ‘నీ చావు’ అని పేరు పెట్టిందంటాడు. తండ్రీకొడుకులు ఒకరినొకరు ఎరగక తలపడినప్పుడు సోహ్రాబ్ కూడా ఎదురుగా నిలబడి, నువ్వు రుస్తుమేనా అని ఆశగా అడుగుతాడు. కాదంటాడు తండ్రి. కొడుకును పొడిచాక గానీ కవచం కింద తాను ఆనాడు ఇచ్చి వెళ్లిన దండకడియపు రాయి కనబడదు. ఆ ఒక్క అబద్ధం వల్లే నాకు రుస్తుం పేరు మీద మనసు పోదు.

తండ్రి చేతిలో చచ్చినవాడి పేరు అశుభం కాదా అంటారు. అభిమన్యుడు పద్మవ్యూహంలో పడిపోయాడని మనం ఆ పేరు మానేశామా? ఇరాన్‌లో కవి సోహ్రాబ్ సెపెహ్రీ, ఇక్కడ నటుడు సోహ్రాబ్ మోదీ ఈ పేరుతోనే వెలిగారు.

షానామాలోనే యువరాజు సియావుష్ ఉన్నాడు, అదీ మంచి పేరే. నల్లని మగగుర్రాలు గలవాడని అర్థం. నిందపడితే నిప్పుల్లోంచి గుర్రం మీద నడిచొచ్చిన నిర్దోషి. కాకపోతే మన నోళ్లలో అది నానా రకాలుగా మారిపోతుంది.

ఒక్క జాగ్రత్త: తండ్రి పేరు రుస్తుం అయితే కొడుక్కి సోహ్రాబ్ వద్దు, సియావుష్ పెట్టుకోండి.