వాల్వు మీద బిగించే గాలి సెన్సర్లు: పద్నాలుగు నెలల వాడకం

మాది అంబాజీపేట, కొబ్బరి వ్యాపారం. మా నాన్నగారి కాలంలో లారీ కదిలే ముందు క్లీనరు ఇనుప రాడ్డుతో టైర్లన్నీ ఒక్కొక్కటిగా కొట్టేవాడు. చప్పుడు విని ఏ టైరులో గాలి తగ్గిందో చెప్పేవాడు. కాయను తట్టి నీళ్లు ఎంత ఉన్నాయో చెప్పడం లాంటి విద్యే అది. రెండేళ్ల కిందట పాత స్పోర్ట్స్ కారు కొన్నాక నాకు ఆ విద్య అక్కరకు రాలేదు. దాని టైరు పక్కభాగం నాలుగు వేళ్ల ఎత్తు మాత్రమే ఉంటుంది, పైగా చాలా గట్టిది. లోపల గాలి ఒత్తిడి 33 పీఎస్ఐ ఉన్నా 26 ఉన్నా (ఇకపై గాలి అంకెలన్నీ ఈ కొలతలోనే) కంటికి ఒకేలా కనిపిస్తుంది.

కారుతో వచ్చిన సెన్సర్లు చక్రాల లోపలే ఉన్నాయి కానీ, పదేళ్లు దాటడంతో బ్యాటరీలు అయిపోయాయి. వాటిలో బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదు. టైరు విప్పి సెన్సరు మొత్తం కొత్తది వేయాలి. నాలుగింటికీ చెప్పిన ధర విని వెనక్కి తగ్గి, వాల్వు మూత స్థానంలో బిగించే కిట్టు నాలుగు వేల లోపు ధరకు తెప్పించుకున్నాను. నాలుగు చిన్న సెన్సర్లు, డాష్‌బోర్డు మీద పెట్టుకునే ఒక తెర, అంతే.

ముందుగా దీని వల్ల జరిగిన మేలు చెబుతాను. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద నా కారుకు ముందు 33, వెనక 36 అని ఉంది. గాలి కొట్టించే చోట ఎన్నిసార్లు చెప్పినా నాలుగింటికీ 35 పెట్టేవారు. మామూలు కారులో ఈ తేడా ఎవరికీ తెలియకపోవచ్చు. వెనక చక్రాలతో నడిచే ఇలాంటి కారుకు ముందు, వెనకల మధ్య ఆ తేడాయే ప్రాణం. వెనక తగ్గి ముందు పెరిగితే మలుపులో తోక తేలికైనట్టు అనిపిస్తుంది. రావులపాలెం నుంచి రాజమహేంద్రవరం వెళ్లేటప్పుడు వేగంలో వరస మారిస్తే అది నాకు వెన్నులోనే తెలిసేది. ఇప్పుడు బయల్దేరే ముందే నాలుగు అంకెలూ ఎదురుగా ఉంటాయి.

కిందటి పుష్యంలో పాలకొల్లు నుంచి వస్తూ చించినాడ వంతెన ఎక్కుతున్నాను. వెనక ఎడమ టైరు 39 చూపిస్తోంది. కారు నడిచి వేడెక్కాక మూడు నాలుగు పెరగడం మామూలే. వంతెన మధ్యకు వచ్చేసరికి 37, దిగేసరికి 34. మిగతా మూడూ కదలలేదు. దిండి దగ్గర పక్కకు ఆపి చూస్తే బొటనవేలి గోరంత వెడల్పు తలతో ఒక మేకు దిగి ఉంది. ఈ కారుకు స్టెప్నీ లేదు, పంక్చరు సామాను మాత్రమే ఇచ్చారు. అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి తయారయ్యే కొత్త కార్లన్నింటికీ, గాలి తగ్గితే డాష్‌బోర్డు మీద దీపం వెలిగే హెచ్చరిక తప్పనిసరి. అక్కడి నిబంధన ప్రకారం ఉండాల్సినదానికి 25 శాతం తగ్గేసరికి దీపం వెలగాలి. అంటే నా 36 కాస్తా 27 అయ్యేదాకా దీపం వెలగకపోవచ్చు. ఆ లోగా అంచులు నలిగి టైరే పోయేది. అందుకే దీపం వేరు, అంకె వేరు అంటాను.

అంకెను తప్పుగా చదివితే నష్టమే. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారులో వెనక టైర్లు 40 చూపించాయి. కంగారుపడి 36కి వదిలేశాను. మర్నాడు తెల్లవారి చూస్తే 32. స్టిక్కరు మీది అంకె చల్లటి టైరుకు రాసినది. కనీసం మూడు గంటలు నీడలో నిలిచి ఉన్నాకే కొలవాలి. పది డిగ్రీల తేడాకు సుమారు ఒకటిన్నర మారుతుంది. అందుకే వేసవిలో సరిగ్గా పెట్టిన గాలి సంక్రాంతి తెల్లవారుజామున తక్కువవుతుంది. నైట్రోజన్ కొట్టిస్తే ఈ బాధ ఉండదని కొందరు నమ్మకంగా చెబుతారు. వేడికి అదీ ఇంతే పెరుగుతుంది. మామూలు గాలిలో నైట్రోజన్ ఎలాగూ 78 శాతం ఉంది. మన తేమ ప్రాంతంలో కంప్రెసర్ ట్యాంకులో నిలిచిన నీటిని రోజూ వదిలే చోట గాలి కొట్టించుకోవడం అంతకంటే మేలు.

ఇక నా అసలు ఫిర్యాదు. సెన్సరు లోపలి మర ఇత్తడి, నా కారు వాల్వు అల్యూమినియం. మాకు సముద్రం దగ్గర, గాలిలో ఉప్పు ఉంటుంది. ఈ రెండు లోహాలూ ఉప్పుతేమలో కలిసి ఉంటే పట్టేసుకుంటాయి. పదో నెలలో ముందు ఎడమ సెన్సరు తిరగలేదు. పట్టకారుతో బలంగా తిప్పాను. మర చుట్టూ తెల్లటి పొడి రాలింది, ఆ వెంటనే వాల్వు కాడ సగానికి విరిగి చేతిలోకి వచ్చింది. గాలంతా ఒక్క ఊపులో పోయింది. ఇంటి ముందే జరిగింది కాబట్టి సరిపోయింది. పెట్టె మీద గానీ, లోపలి కాగితంలో గానీ దీని గురించి ఒక్క ముక్క లేదు. ఉండి తీరాలి. ఇప్పుడు పదిహేను రోజులకోసారి నాలుగూ విప్పి, మరకు చుక్క సిలికాన్ గ్రీజు రాసి, బిగించాక సబ్బునీళ్లతో బుడగలు వస్తున్నాయేమో చూస్తున్నాను. రబ్బరు వాల్వులున్న కారుకు, అందులోనూ వేగంగా నడిపేవారికి, ఈ రకం వద్దని నా మాట. ఆ బరువుకు కాడ ఊగుతుంది.

నా దగ్గరున్న మంచి గేజితో పోలిస్తే మూడు సెన్సర్లు ఒకటి లోపే తేడా చూపుతున్నాయి. నాలుగోది ఎప్పుడూ రెండు ఎక్కువ. చక్రం మార్చి బిగించినా అంతే కాబట్టి లోపం దానిదే. దాన్ని ముందు కుడి చక్రానికి ఉంచి 35 చూపితే 33 అనుకుంటున్నాను. తెరకు సౌర పలక ఉంది, ఛార్జింగు ఇబ్బంది రాలేదు.

వచ్చే కార్తీకానికి టైర్లు మార్చాలి. అప్పుడు లోపలి సెన్సర్లే కొత్తవి వేయిస్తాను. అంతదాకా ఈ కిట్టు, పక్కన గేజి.