గ్లాక్‌కు కార్బైన్ తొడుగు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

గ్లాక్ పిస్టల్‌ను లోపల పెట్టి కార్బైన్‌లా, అంటే చిన్న రైఫిల్‌లా పట్టుకోవడానికి వాడే ఈ కిట్ కొనాలనుకునేవాళ్లు ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. దీనివల్ల గురి కుదురుతుంది, తూటా బలం మాత్రం పెరగదు. అమ్మేవాళ్ల ఫొటోలు చూస్తే చిన్న పిస్టల్ కాస్తా కమాండో చేతిలో ఆయుధమైపోయినట్టు ఉంటుంది. లోపల ఉన్నది అదే గ్లాక్ 17, అదే నాలుగున్నర అంగుళాల బ్యారెల్ (గొట్టం), అదే 9 ఎంఎం తూటా. మనవాళ్లకు కార్బైన్ అనగానే గుర్తొచ్చేది నాయకుల వెనక గన్‌మెన్ భుజాన వేలాడే స్టెర్లింగ్ రకం తుపాకీ. కాన్పూర్‌లో తయారైన ఆ తుపాకీ కూడా 9 ఎంఎమ్మే, కానీ దాని బ్యారెల్ ఏడున్నర అంగుళాలు దాటుతుంది, లోపలి మెకానిజం కూడా వేరు. ఇక్కడ మనం కొంటున్నది పిస్టల్‌కు ఒక ప్లాస్టిక్ తొడుగు.

నేను డాలస్ దగ్గర ఉంటాను. వారాంతాల్లో షూటింగ్ రేంజ్‌కు వెళ్లే అలవాటు పాతదే. రోని, ఎంసికె, రికవర్ 20/20 అంటూ రకరకాల పేర్లతో ఇలాంటి కిట్లు దొరుకుతాయి. ఈ మూడూ ఇజ్రాయెల్ కంపెనీలవే. నాది ఏ బ్రాండో కావాలనే రాయడం లేదు. నేను చెప్పబోయే మంచీ చెడూ చాలావరకు ఈ పద్ధతిలోనే ఉన్నవి, ఒక బ్రాండ్‌లో కాస్త ఎక్కువ, ఇంకోదాంట్లో కాస్త తక్కువ.

పిస్టల్‌ను విప్పే పనేమీ ఉండదు. కాల్చినప్పుడు వెనక్కీ ముందుకూ కదిలే పైభాగం, అంటే స్లైడ్, దాని వెనక గీతలున్న చోట ఒక చిన్న పిడి బిగించాలి. బయట నుంచి స్లైడ్‌ను లాగడానికి అదే ఆధారం. తర్వాత పిస్టల్‌ను అలాగే తొడుగులో కూర్చోబెట్టి లాక్ చేయాలి. బ్యారెల్ కింద లైట్ బిగించుకునే రైల్ ఉంటుంది చూడండి, తొడుగు ప్రధానంగా పట్టుకునేది దాన్నే. వెనక ముంజేతికి ఆసరాగా మడతపెట్టే బ్రేస్, పైన రెడ్ డాట్ (గురి చూడ్డానికి ఎర్ర చుక్క కనిపించే అద్దం) పెట్టుకోవడానికి రైల్, ముందు రెండో చేతికి పట్టు. అలవాటయ్యాక ఇదంతా నిమిషం కూడా పట్టదు.

ఆలోచన కొత్తదేమీ కాదు. 1896 నాటి మౌజర్ సి96 పిస్టల్‌కు చెక్క హోల్‌స్టరే స్టాక్‌గా, అంటే భుజానికి ఆనించే భాగంగా పనికొచ్చేది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు పొడవు బ్యారెల్ లూగర్ పిస్టల్‌కు చెక్క స్టాక్ తగిలించి, 32 రౌండ్ల డ్రమ్ మ్యాగజైన్ (తూటాల డబ్బా) కూడా పెట్టారు. అప్పటి సైనికుడికైనా ఇప్పటి మనకైనా ఇబ్బంది ఒక్కటే: చేతులు చాచి పట్టుకున్న పిస్టల్ నిలకడగా ఉండదు.

ఆ నిలకడ విషయంలో కిట్‌కు పూర్తి మార్కులు వేస్తాను. 25 గజాల దూరంలో నా పిస్టల్ తూటాలు పడిన గుంపు వెడల్పు ఆరేడు అంగుళాలకు తగ్గేది కాదు. మంచి రోజున అయిదు. కిట్‌లో పెట్టి, రెడ్ డాట్‌తో, నిలబడే కాలిస్తే మూడు అంగుళాల లోపే వస్తోంది. 50 గజాల్లో పిస్టల్‌తో కాగితానికి తగిలితే చాలనుకునేవాణ్ని, కిట్‌తో అక్కడ స్టీల్ ప్లేట్ ఒక్కోటీ మోగించొచ్చు. రెండు చేతులకు తోడు ఇంకో ఆసరా దొరికింది, చుక్క కళ్ల ముందు ఊగడం మానింది, అంతే. వెనక్కి తన్నడం కూడా బాగా తగ్గినట్టనిపిస్తుంది.

మా ఆవిడ విషయంలో ఇది బాగా పనికొచ్చింది. ఆమె చేతులు చిన్నవి. మణికట్టు గట్టిగా పట్టకపోతే సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో స్లైడ్ పూర్తిగా వెనక్కి రాక తూటా ఇరుక్కుంటుంది, దాంతో ఆమెకు విసుగొచ్చి రేంజ్‌కు రావడమే మానేసింది. కిట్‌లో ఆ ఇబ్బంది దాదాపు లేదు. ఇప్పుడు నాకన్నా ఓపిగ్గా కాలుస్తుంది. అయితే పిస్టల్ నేర్చుకోవడానికి ఇది దారి అంటే ఒప్పుకోను. పేలుడు శబ్దానికి ముందే చేయి బిగుసుకోవడం, ట్రిగ్గర్‌ను ఒక్కసారిగా గుంజడం లాంటి తప్పులు కిట్‌లో బయటపడవు. అవి పోలేదు, దాగాయంతే. ఉత్త పిస్టల్ మళ్లీ చేతిలోకి తీసుకోగానే తూటాలు ఎడమ కిందికి వెళ్లిపోతాయి.

ఎక్కువకాలం వాడితేనే తెలిసే లోపం ఒకటుంది, దీన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. రెడ్ డాట్ తొడుగు మీద ఉంటుంది, బ్యారెల్ పిస్టల్‌లో ఉంటుంది. ఈ రెంటినీ కలిపేది గ్లాక్ ప్లాస్టిక్ ఫ్రేమ్ ముందుభాగం మాత్రమే. పిస్టల్‌ను తీసి మళ్లీ పెట్టిన ప్రతిసారీ అది వెంట్రుక వాసి తేడాగా కూర్చుంటుంది. ఆ వెంట్రుక వాసే 25 గజాల దగ్గర అంగుళం, ఒక్కోసారి రెండు అంగుళాలు అవుతుంది. కాలుస్తూ ముందు పట్టును ఒక పక్కకు గట్టిగా లాగినా చుక్క కదులుతుంది. అందుకే నేను ఏ రోజైనా మొదటి మ్యాగజైన్‌ను గురి సరిచూసుకోవడానికే కేటాయిస్తాను. పగలు పిస్టల్‌గా నడుముకు, రాత్రి కార్బైన్‌గా మంచం పక్కన అనే ప్రచారం నాకు నచ్చనిది ఇందుకే. ఒకసారి గురి కుదిరాక పిస్టల్‌ను అందులోనే ఉంచేయాలి. అలా ఉంచేటప్పుడు, దానికోసం ఒక పిస్టల్ పూర్తిగా కేటాయించినట్టే కదా!

అరుగుదల గురించి. బ్రేస్ మడత దగ్గర మొదటి ఏడాదిలోనే లూజు వచ్చింది. లాక్ ఇప్పటికీ గట్టిగానే ఉంది. స్లైడ్ పిడికున్న చిన్న స్క్రూలు మాత్రం ప్రతి రేంజ్ రోజూ వదులవుతాయి. వాటికి నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూలను పట్టి ఉంచే జిగురు) ఒక్క చుక్క వేస్తే ఆ బాధ తీరుతుంది. పిడి బరువు స్లైడ్‌కు అదనం కాబట్టి మరీ బలం తక్కువగా పేలే చవక తూటాలతో అప్పుడప్పుడు ఖాళీ కేసు బయటికి పోకుండా తొడుగుకూ స్లైడ్‌కూ మధ్య ఇరుక్కుంటుంది. 124 గ్రెయిన్ (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) మామూలు తూటాలు వేస్తే ఆ గొడవ లేదు. మసి మాత్రం విపరీతం. బ్యారెల్ చివర తొడుగు లోపలే ఉండడంతో పొగంతా అక్కడే పేరుకుంటుంది. పాత టూత్ బ్రష్ లేకుండా అది శుభ్రం కాదు. చప్పుడు కూడా ఎక్కువే, ఎందుకంటే ఇప్పుడు తుపాకీ మొహానికి జానెడు దూరంలో ఉంది. ఇండోర్ రేంజ్‌లో చెవిలో ప్లగ్స్ పెట్టుకుని, పైన ఇయర్‌మఫ్స్ కూడా వేసుకోండి.

భద్రత సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. కాల్చినప్పుడల్లా ఆ పిడి స్లైడ్‌తో పాటు వేగంగా వెనక్కీ ముందుకూ పోతుంది. ఎడమ బొటనవేలు దాని దారిలో ఉంటే చర్మం లేచిపోతుంది. రెండోది, ముందు పట్టు నుంచి బ్యారెల్ నోరు ఎంతో దూరం లేదు. నిజమైన కార్బైన్‌కు అలవాటుపడ్డ చేయి తెలియకుండానే ముందుకు జారుతుంది. కొత్తవాళ్ల చేతికిస్తే నేను పక్కనే నిలబడి ఆ చేతినే గమనిస్తుంటాను. మూడోది, పిస్టల్‌ను తొడుగులో పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ వేళ్లు బ్యారెల్ చుట్టూ తిరుగుతుంటాయి. అందుకే ముందు మ్యాగజైన్ తీసి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి చూసుకోవాలి. తొడుగులో పెట్టాక చాంబర్ సరిగ్గా కనపడదు కాబట్టి ఈ పని ముందే అయిపోవాలి.

ఇక అసలు టెన్షన్ చట్టంతో. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం, భుజానికి ఆనించి కాల్చేలా చేసిన తుపాకీకి బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గినా, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గినా అది షార్ట్ బ్యారెల్డ్ రైఫిల్. దాన్ని తయారుచేసే ముందే తుపాకీ చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ అనుమతి తీసుకోవాలి. ఇక్కడ తయారుచేయడం అంటే ఫ్యాక్టరీ పనే కానక్కర్లేదు, స్టాక్ ఉన్న కిట్‌లోకి మీ గ్లాక్‌ను తోయడం కూడా తయారుచేయడమే. దానిమీద ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. ఫారం, ఫొటో, వేలిముద్రలు, అనుమతి మాత్రం అలాగే ఉన్నాయి. పన్ను పోయిందంటే రిజిస్ట్రేషన్ కూడా పోయిందనుకునేవాళ్లు నాకు రేంజ్‌లో కనపడుతూనే ఉన్నారు.

అమ్మే కిట్లలో చాలావాటికి స్టాక్ బదులు బ్రేస్ ఉండేది ఇందుకే. బ్రేస్ అంటే పట్టీతో ముంజేతికి కట్టుకునేది. చేతిబలం తక్కువైన మాజీ సైనికులు ఒంటిచేత్తో కాల్చడానికని మొదలైంది. 2012లో ఏటీఎఫ్ సరేనంది. 2023 జనవరిలో అదే ఏటీఎఫ్ కొత్త రూల్ తెచ్చి, బ్రేస్ ఉన్న చాలా పిస్టళ్లను షార్ట్ బ్యారెల్డ్ రైఫిళ్ల లెక్కలోకి నెట్టింది. ఆ రోజుల్లో నా కిట్ విప్పి అటకెక్కించాను. 2024 జూన్‌లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు ఆ రూల్‌ను కొట్టేశాక మళ్లీ దించాను. రూల్ పోయినా 1934 చట్టం ఎక్కడికీ పోలేదు. ముందు రైల్‌కు విడిగా కొన్న నిలువు గ్రిప్ తగిలించడం ఇంకో ఉచ్చు. పొట్టి పిస్టల్‌కు అది పెడితే చట్టం దృష్టిలో అది వేరే కేటగిరీ ఆయుధమైపోతుంది, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. ఆన్‌లైన్‌లో పది డాలర్లకు దొరికే ప్లాస్టిక్ ముక్క కోసం ఫెడరల్ కేసు తెచ్చుకోవడం ఎందుకు? ఇదంతా కేంద్ర చట్టం. న్యూజెర్సీ, కాలిఫోర్నియా లాంటి చోట్ల రాష్ట్ర చట్టాలు ఇంకా గట్టివి. అక్కడున్నవాళ్లు టెక్సస్ సంగతులు చదివి కొనేయకండి.

మనవాళ్లలో చాలామందికి తెలియని ముఖ్యమైన విషయం: హెచ్‌1బి, ఎఫ్‌1, ఎల్‌1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, వాటి సంగతి లాయర్‌ను అడిగి తేల్చుకోవాలి. రేంజ్‌లో స్నేహితుడి తుపాకీ ఒక్కసారి పట్టుకున్నా దగ్గర ఉన్నట్టే లెక్క. నాతో వస్తామన్న వాళ్లను మొహమాటం లేకుండా ముందు స్టేటస్ అడుగుతాను. గ్రీన్‌కార్డు ఉంటే ఆ బాధ లేదు. అలాగే రేంజ్ బ్యాగును ఇండియా ప్రయాణానికి వాడొద్దు. అక్కడ 9 ఎంఎం మామూలు పౌరులకు నిషిద్ధ బోర్, అంటే వాళ్లు ఉంచుకోకూడని సైజు. బ్యాగు మూలలో మరిచిపోయిన ఒక్క తూటా దొరికి ఎయిర్‌పోర్టులో కేసులైన వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి.

నిజంగా కార్బైనే కావాలనుకుంటే వేరే దారులున్నాయి. మోంటానా కంపెనీ మెక్‌టెక్ చేసే కిట్‌లో గ్లాక్ స్లైడ్, బ్యారెల్ తీసేసి, ఫ్రేమ్ మీద 16 అంగుళాలు దాటిన బ్యారెల్ ఉన్న పైభాగం బిగిస్తారు. అది షార్ట్ బ్యారెల్డ్ రైఫిల్ కాదు, చట్టం దృష్టిలో మామూలు రైఫిలే. పిస్టల్‌ను రైఫిల్‌గా మార్చి మళ్లీ పిస్టల్ చేసుకోవచ్చా అన్న సందేహం పాతది. కాంటెండర్ పిస్టల్‌ను 21 అంగుళాల బ్యారెల్, స్టాక్ ఉన్న కిట్‌తో అమ్మిన థాంప్సన్ సెంటర్ కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1992లో గెలిచింది. తర్వాత 2011లో ఏటీఎఫ్ కూడా అలా మార్చుకోవచ్చని స్పష్టం చేసింది. కాకపోతే వరస తప్పకూడదు: బిగించేటప్పుడు ముందు పొడవు బ్యారెల్, ఆ తర్వాతే స్టాక్. విప్పేటప్పుడు ముందు స్టాక్. పొడవు బ్యారెల్ వల్ల తూటా వేగం కూడా నిజంగానే పెరుగుతుంది. 115 గ్రెయిన్ తూటా పిస్టల్ నుంచి సెకనుకు సుమారు 1,150 అడుగుల వేగంతో వెళ్తే, 16 అంగుళాల బ్యారెల్ నుంచి రమారమి 1,300 అందుకుంటుంది.

ఖర్చు లెక్క వేస్తే నా కిట్ పరువు ఇంకొంచెం తగ్గుతుంది. తొడుగు, రెడ్ డాట్, అదనపు పిడి, స్లింగ్ (భుజాన వేసుకునే పట్టీ) అన్నీ కలిపితే అయిదు వందల డాలర్ల దరిదాపుల్లోకి వచ్చాను. దాదాపు ఆ ధరలోనే కెల్‌టెక్ సబ్ 2000 దొరుకుతుంది. 16 అంగుళాల బ్యారెల్, మధ్యకు మడిస్తే బ్యాక్‌ప్యాక్‌లో పడుతుంది, గ్లాక్ మ్యాగజైన్లు పట్టే మోడల్ ఉంది. ఇంకొంచెం పెడితే రూగర్ పీసీ కార్బైన్. వీటిలో ఏదైనా పిస్టల్‌ను పిస్టల్‌గా వదిలేస్తుంది, బ్రేస్ గొడవలూ ఉండవు. మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పేది ఇవే.

కిట్ ఎవరికి పనికొస్తుందంటే, ఇప్పటికే రెండో గ్లాక్ బీరువాలో ఊరికే ఉన్నవాళ్లకు, మణికట్టు నొప్పితో పిస్టల్ మానేసినవాళ్లకు, ఇంట్లోవాళ్లతో సరదాగా రేంజ్‌కు వెళ్లేవాళ్లకు. వచ్చే నెల సబ్ 2000 తీసుకుంటున్నాను, ఉన్న మ్యాగజైన్లే సరిపోతాయి. దీన్ని అమ్మేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు, పైగా అందులో ఉన్న నా రెండో గ్లాక్ ఇక నాది కాదంటోంది.