ఇంటర్‌స్టిమ్: ట్రయల్‌లో తేలాకే డబ్బు కట్టండి

గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్‌కో, మలాశయం క్యాన్సర్‌కో పెద్ద ఆపరేషన్ జరిగాక మూత్రం దానంతటది రాక, రోజూ నాలుగైదు సార్లు పైపు వేసుకునేవాళ్ల కోసం ఈ సమీక్ష. వెన్నెముక అడుగున బ్లాడర్‌కు సంబంధించిన ఎస్3 నరం పక్కన నాలుగు ఎలక్ట్రోడ్‌ల సన్నని తీగ, పిరుదు పైభాగంలో చర్మం కింద బ్యాటరీ: మెడ్‌ట్రానిక్ కంపెనీ ఇంటర్‌స్టిమ్ పరికరం ఇంతే. అడ్డంకి లేకుండా నిలిచిపోయే మూత్రానికి అమెరికాలో 1999లోనే అనుమతి వచ్చింది.

ఇది బ్లాడర్‌ను పిండే యంత్రం కాదు, నరాల సంకేతాలను సర్దుతుంది. కాబట్టి ఆపరేషన్‌లో నరాలు నలిగినవాళ్లకు ఆశ ఉంది, పూర్తిగా తెగితే చాలా తక్కువ. నలిగిన నరాలు మొదటి ఆరు నెలల నుంచి ఏడాదిలో వాటంతటవే కోలుకోవచ్చు. తొందరపడకండి. ముందు యూరోడైనమిక్ టెస్ట్ (బ్లాడర్ ఎలా నిండుతోందో, ఎలా ఖాళీ అవుతోందో కొలిచే పరీక్ష) చేయించండి.

అసలు విలువంతా ట్రయల్‌లోనే, అంటే బ్యాటరీ లోపల పెట్టకముందు కొన్నాళ్లు పనిచేస్తుందో లేదో చూడడంలోనే ఉంది. తాత్కాలిక తీగతో మూడు నుంచి ఏడు రోజులు చూసే పద్ధతి చవకే గానీ ఆ తీగ జరిగిపోతుంది, మూత్రం నిలిచేవాళ్లకు అన్ని రోజులు చాలవు కూడా. జరగకుండా పట్టుకునే చిన్న ముళ్లున్న శాశ్వత తీగే వేసి, బ్యాటరీ బయట ఉంచి, కనీసం రెండు వారాలు చూడమని అడగండి. తీగ సరైన చోట పడితే తక్కువ కరెంటుకే కాలి బొటనవేలు ముడుచుకుంటుంది, మలద్వారం లోపలికి లాగుతుంది. పాదమంతా తిరిగితే అది పక్కనున్న ఎస్2 నరం, తీగ మళ్లీ సర్దాలి. ట్రయల్‌కు ముందు మూడు రోజులు, ట్రయల్ అన్ని రోజులూ మార్కులున్న మగ్గుతో కొలిచి రాసుకోండి: దానంతటది వచ్చింది ఎంత, పైపుతో తీసింది ఎంత. పైపుతో వచ్చే 400 మిల్లీలీటర్లు 200కు దిగకపోతే బ్యాటరీ పెట్టించుకోకండి. "కొంచెం తేలిగ్గా ఉంది" అన్న మాట లెక్కలోకి రాదు.

క్యాన్సర్ రోగులు తప్పక అడగాల్సింది ఎంఆర్‌ఐ గురించి. పాతరకం తీగతో తలకు మాత్రమే తీస్తారు, కొత్తరకంతో షరతుల మీద ఒళ్లంతా తీయొచ్చు. తీగ మోడల్ పేరు బిల్లు మీద రాయించుకోండి. చార్జింగ్ రకం పదిహేనేళ్లు వస్తుంది. చార్జింగ్ కోసం పిల్లల మీద ఆధారపడే పెద్దవాళ్లకు మాత్రం చార్జింగ్ అక్కర్లేని రకమే నయం.

కొన్నాళ్లకు పరికరం ప్రభావం తగ్గితే ముందు ప్రోగ్రామ్ (కరెంటు సెట్టింగ్) మార్పించండి. అప్పటికీ కుదరకపోతే తీగ జరిగిందేమో ఎక్స్‌రేలో చూస్తారు. చీము పడితే మొత్తం తీసేయాల్సిందే. మోకాళ్ల నొప్పులకు ఫిజియోథెరపీకి వెళ్తే డయాథెర్మీ (కరెంటు తరంగాలతో లోపలికి వేడి పెట్టే చికిత్స) మాత్రం వద్దని ముందే చెప్పండి, తీగ కొన దగ్గర నరం కాలిపోతుంది. మెట్రో స్టేషన్‌లో, శంషాబాద్ ఎయిర్‌పోర్టులో పరికరం కార్డు చూపించి చేతి తనిఖీ అడగండి.