బొమ్మ లేని కార్టూన్: పదిహేనేళ్లుగా వింటున్న ‘ద కార్ల్ స్టాలింగ్ ప్రాజెక్ట్’ సీడీ

మా అన్నయ్య డాలస్ నుంచి వస్తూ ఈ సీడీ తెచ్చి పదిహేనేళ్లు దాటింది. డబ్బా మూత ఎప్పుడో ఊడిపోయింది గానీ డిస్కు ఇప్పటికీ ఎక్కడా ఆగట్లేదు. వార్నర్ బ్రదర్స్ కార్టూన్లకు 1936 నుంచి 1958 దాకా స్టాలింగ్ కట్టిన సంగీతంలోంచి ఏరి, 1990లో విడుదల చేశారు దీన్ని. బగ్స్ బన్నీ మాటలుండవు, బాంబుల మోతలుండవు. చాలావరకు ఒట్టి ఆర్కెస్ట్రాయే.

మొదటిసారి విన్నప్పుడు తల తిరిగిపోయింది. ఒక పాట ఎత్తుకుని నాలుగు సెకన్లు కాకముందే ఇంకోటి, అది ముగియకముందే దబ్బున డోలు. వారం రోజులు పక్కన పెట్టేశాను. తర్వాత ఒక రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాను. బసూన్ అనే మంద్రస్వరపు ఊదే వాద్యం పిల్లిలా అడుగులేస్తోంది. వయొలిన్ తీగలు మీటుతుంటే ఎవరో మునివేళ్ల మీద నడుస్తున్నారు. చిన్నప్పుడు కార్టూన్ నెట్‌వర్క్ ముందు కూర్చుని నవ్విన నవ్వుల్లో సగం చెవుల వల్ల వచ్చినవేనని ఆ రాత్రే అర్థమైంది.

స్టాలింగ్ మొదట కాన్సాస్ సిటీలో మూకీ సినిమాలకు ఆర్గాన్ వాయించేవాడు. వాల్ట్ డిస్నీతో పరిచయం అక్కడే. తెర మీద జరిగేదానికి అప్పటికప్పుడు రాగం అందించిన ఆ నేర్పు ఈ సీడీలో అడుగడుగునా వినిపిస్తుంది. లెక్క కూడా అంత గట్టిది. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు. పాత్ర 12 ఫ్రేములకో అడుగు వేస్తే అర సెకనుకో దెబ్బ, 8 ఫ్రేములకైతే సెకనుకు మూడు. వాద్యకారులు ఆ లెక్కకు పడే టిక్కు టిక్కు శబ్దాన్ని చెవిలో వింటూనే వాయించేవారు.

నేను ఎక్కువసార్లు విన్నది ‘పవర్‌హౌస్’ ఉన్న ట్రాక్. ఫ్యాక్టరీ యంత్రాలు కదిలినప్పుడల్లా వచ్చే ఆ బాణీ స్టాలింగ్‌ది కాదు, రేమండ్ స్కాట్ 1937లో కట్టింది. స్కాట్ కార్టూన్ల కోసమని ఏదీ రాయలేదు. హక్కులు వార్నర్ వాళ్లు కొన్నాక స్టాలింగ్ దాన్ని ఎంతగా వాడుకున్నాడంటే, యంత్రం అనగానే నాకు అదే మోగుతుంది. రికార్డింగు గదిలో తన ఆర్కెస్ట్రా సహాయకుడు మిల్ట్ ఫ్రాంక్లిన్‌తో స్టాలింగ్ చేసిన రిహార్సల్ ట్రాక్ కూడా వదలొద్దు. మనుషుల మాటలు, మళ్లీ మొదలుపెట్టడాలు వింటుంటే పక్కనే నిలబడ్డట్టు ఉంటుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఏకబిగిన వింటే అలసట వస్తుంది. పని చేసుకుంటూ వినే సంగీతం కాదిది, మనసు లాగేస్తుంది. పైగా మన కామెడీ సీన్లలో పాత పాట బిట్టు వేస్తారే, అలా ఆయన పాట పేరుతోనే చమత్కరిస్తాడు. ఎర్ర గౌను కనబడితే ‘ద లేడీ ఇన్ రెడ్’ వాయిస్తాడు. ఆ కాలపు అమెరికా పాటలు తెలియని నాకు అవి అందడానికి ఏళ్లు పట్టింది. ఇప్పటికీ అందనివి ఎన్నో.

కొత్తగా వినేవాళ్లు రోజుకి రెండు ట్రాకులు చాలనుకోండి. ఆ ట్రాకు సంగీతం ఉన్న కార్టూన్ దొరికితే ముందు సంగీతం విని, తర్వాత బొమ్మ చూడండి. నేను అలాగే చూస్తున్నాను.