చీనీ తోట కంచెకు 12 గేజా, 14 గేజా?

గేజు అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. ఈ తిరకాసు తెలియక అనంతపురం షాపులో 14 అడిగి, లావు తీగ వస్తుందనుకునేవాళ్లు ఉంటారు. ఎస్‌డబ్ల్యూజీ (స్టాండర్డ్ వైర్ గేజ్, తీగ మందాల పట్టిక) లెక్కలో 12 అంటే 2.64 మిల్లీమీటర్లు, 14 అంటే 2.03. ఇంజెక్షన్ సూదుల పట్టిక వేరే అయినా తీరు ఇదే: 18 కన్నా 22 సన్నం.

ఖర్చు: తీగ కొనేది కిలోల్లో, కంచెకు పట్టేది మీటర్లలో. జీఐ తీగ (జింకు పూత వేసిన ఇనప తీగ) 12 అయితే కిలోకు సుమారు 23 మీటర్లు, 14 అయితే 39. కిలో ధర ఒకటే అనుకున్నా 12తో ఖర్చు 1.7 రెట్లు.

పని: 14ను చేత్తోనే వంచి రాతి కూసాలకు చుట్టేయొచ్చు. 12కు కటింగ్ ప్లేయరు, బిగించి లాగడానికి ఇంకో మనిషి కావాలి.

మన్నిక: ఎద్దు ఒళ్లు రుద్దుకుంటే 14 సాగి వేలాడుతుంది. తుప్పు పట్టినా ముందు తెగేది అదే.

అసలు టెన్షన్ వేరే ఉంది. 12 అని చెప్పి 13 అంటగడితే కంటికి తెలియదు. పది మీటర్లు కొలిచి వంటింటి కాటా మీద పెట్టండి: 12 అయితే సుమారు 430 గ్రాములు, 13 అయితే 340, 14 అయితే 255.

పశువులు తిరిగే దారి పక్కన, కూసాలు దూరంగా ఉన్నచోట 12. లోపలి మడులకు, బీర పందిరికి 14 చాలు. అడవి పందులకైతే వరస తీగలు ఏ గేజైనా ఆగవు, కింద జాలీ వేయాల్సిందే. కరెంటు మాత్రం పెట్టకండి, మనుషులే పోతారు.